పట్టుగూళ్ళ స్పీకరు

ఆదివారం పూట మా ఇంటికి కొందరు పడుచువాళ్ళు వస్తుంటారు. అందరికీ పాట వినే పిచ్చి. పాటకన్నా పాట వచ్చే పెట్టె మీద పిచ్చి అంటే ఇంకా నిజం. ఒకాయన స్కూటరు కొందామని కూడబెట్టిన డబ్బుతో స్పీకర్లు కొని, ఇప్పటికీ ఆఫీసుకు నడిచే పోతున్నాడు. ఇంకొకాయన బెంగుళూరులో ఎవరిదో పాతసామాను వేలంలో ఒక జత పట్టుకొచ్చి, ఇంట్లో పెళ్ళాం ఊరుకోదని మా వరండాలో దాచాడు. మొదటి స్పీకరు తమ దగ్గరికి ఎట్లా వచ్చిందో చెప్పుకోవడం వాళ్ళకు ఒక సరదా. పోయిన వారం నా వైపు తిరిగి, "మీ మొదటి స్పీకరు సంగతి చెప్పండి సార్, ఎక్కడ కొన్నారు?" అన్నారు.

కొనలేదు నాయనా. కొనడానికి అప్పుడు దొరికేవి కావు. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతోంది. ఇంగ్లండు నుంచి సామాను రావడం ఆగిపోయింది. పైగా నేను టెంటు సినిమాలో పని చేసేవాణ్ణి, నా జీతానికి స్పీకరు కాదు గదా దాని చెక్కపెట్టె కూడా వచ్చేది కాదు. అయినా నాది అని చెప్పుకోవడానికి ఒకటి సంపాదించాను. మొండితనంతో సంపాదించాను. ఆ కథ కొంచెం పొడుగు, ఓపిక ఉంటే వినండి.

మా టెంటు చిక్కబళ్ళాపురం, చింతామణి, బాగేపల్లి ఈ మూడు ఊళ్ళ మధ్య తిరిగేది. ఒక్కో ఊళ్ళో జనం పలచబడేదాకా ఆడి, డేరా విప్పి బండ్ల మీద వేసుకొని పక్క ఊరికి పోయేవాళ్ళం. టెంటు యజమానిని అందరూ సావుకారు అనేవాళ్ళు. ఆపరేటరు ఒకాయన ఉండేవాడు, నాకన్నా పెద్దవాడు, నోరు విప్పితే ఎగతాళే. కరెంటు ఇచ్చే ఇంజను, ప్రొజెక్టరు రెండూ ఆయన చేతిలోనే ఉండేవి. నా పని తెర వెనకాల.

తెర వెనకాల పని అంటే స్పీకరుకు కాపలా. పెద్ద చెక్కపలకకు బిగించిన స్పీకరు అది, చాటంత వెడల్పు. డేరా కిందినుంచి టిక్కెట్టు లేకుండా దూరేవాళ్ళు దాన్ని తన్నకుండా, కుక్కలు దాని పక్కన పడుకోకుండా, ఎలుకలు తీగలు కొరక్కుండా చూసుకోవాలి. ఆ రోజుల్లో సినిమాలన్నీ నేను వెనకనుంచే చూశాను. నా హీరోలందరూ ఎడంచేత్తో కత్తి తిప్పినవాళ్ళే. బొమ్మ తిరగబడినా మాట మాత్రం నాకు దక్కినట్టు ముందర కూర్చున్న ఎవరికీ దక్కలేదు. హీరోయిన్ పాట ఎత్తుకునే ముందు ఊపిరి పీల్చుకునే చప్పుడు కూడా నాకు వినిపించేది. ఆ స్పీకరు అంటే నాకు ప్రేమ. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

చింతామణిలో ఉండగా ఒక సాయంత్రం ఆట మొదలుకాకముందే గాలివాన వచ్చింది. డేరా నడిమి గుంజ విరిగి తెర మీద పడి, తెరను చీల్చుకొని స్పీకరు ముఖం మీద పడింది. కాగితపు గరాటు లాంటిది ఉంటుంది చూడండి, అదే ఊగి శబ్దం పుట్టిస్తుంది, అది పైనుంచి కిందికి చినిగిపోయింది. సావుకారు బెంగుళూరు పోయి ఎవరినో బతిమాలి ఒక పాత స్పీకరు తెచ్చాడు. మా స్పీకరును మూలన పడేసి, లోపలి రాగి తీగను అమ్మేస్తానన్నాడు. యుద్ధంలో రాగికి అంత గిరాకీ. ఆ మాట వినేసరికి నాకు ఒళ్ళు మండింది.

"సావుకార్, ఆ స్పీకరు నాకియ్యండి" అన్నాను.

"నీకేమిటికప్పా అది? పలకల్యాక పడుండాది."

"నేను పలికిస్తాను."

"పలికిస్తే?"

"పలికిస్తే నాది."

సావుకారు నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. ఆయన చెడ్డవాడు కాదు, బేరం లేకుండా ఏదీ ఇవ్వలేని మనిషి, అంతే. "సరే, బాగేపల్లి క్యాంపు దాకా ఆగుతాను. ఆడ సంత దినం దాన్ని బయట పెట్టు. మధ్యాన్నం మొదటి పాట కాణించి సాయంత్రం దేవుని పాట దాకా పలకల్ల. మధ్యలో ఆగిందా, రాగి కోసి అమ్మేస్తాను. అప్పుడు నా ముందర మూతి ముడుచుకొని నిలబడగూడదు" అన్నాడు.

దేవుని పాట అంటే మీకు తెలియదు. టెంటు బయట మధ్యాహ్నం నుంచి గ్రామఫోను రికార్డులు వేసేవాళ్ళం. చుట్టుపక్కల పల్లెల్లో గడియారాలు ఎక్కడివి? పాటలే గడియారం. హాస్యం పాట వచ్చిందంటే ఇంకా పొద్దు ఉన్నట్టు, ఆడవాళ్ళు పొయ్యి మీద సంగటి కెలుకుతూ ఉండొచ్చు. చిట్టచివర దేవుని పాట వేస్తే ఆట మొదలవుతున్నట్టు. అది వినిపిస్తే పొలాల గట్ల మీద జనం పరుగెత్తుకొచ్చేవాళ్ళు. ఆ పాట వేయకుండా మేము ఎన్నడూ ఆట మొదలుపెట్టలేదు.

ఒప్పుకున్నాను గానీ ఎట్లా బాగుచేయాలో నాకు తెలియదు. నాకు తెలిసిన మరమ్మత్తు ఒక్కటే, మా అమ్మది. మా ఇళ్ళల్లో చాట పాతబడి సందులు పడితే ఆడవాళ్ళు కాగితాలు నానబెట్టి, మెంతులు కలిపి రుబ్బి, ఆ ముద్దను చాటకంతా మెత్తి ఎండబెడతారు. చాట మళ్ళీ కొత్తదవుతుంది. నేను చిక్కబళ్ళాపురంలో ఇంటికి పోయి, అమ్మ దగ్గర ముద్ద రుబ్బించుకొని వచ్చి, స్పీకరుకు లోపలా బయటా మెత్తాను. అమ్మ అడిగింది, "ఎంత పెద్ద చాట నాయనా?" అని. పెద్దదే అన్నాను.

ఎండినాక చూస్తే చూడముచ్చటగా ఉంది, ఆపరేటరును బతిమాలి కరెంటు ఇప్పించాను. లోపలినుంచి ఎవరో కాగులో తల పెట్టి మూలుగుతున్నట్టు శబ్దం వచ్చింది. అంత బరువు మీద వేస్తే అది ఊగేదెట్లా? నాకు అంతమాత్రం తట్టలేదు. ఆపరేటరు దగ్గరికొచ్చి వాసన చూశాడు.

"ఇదేమప్పా, మెంతుల వాసన వస్తాండాది! స్పీకరా, చాటనా? పాట పాడించల్లనా, రాగులు చెరగల్లనా?"

ఆ రోజునుంచి టెంటులో నా పేరు చాట అయింది. గేటు దగ్గర టిక్కెట్లు చింపేవాడు కూడా "చాటా, నీళ్ళు తే" అనేవాడు. అది చాలదన్నట్టు, బొద్దింకలు ఆ ముద్ద రుచి మరిగి అంచులు కొరికేశాయి. మెత్తింది ఊడదీద్దామని తడిపితే, ముద్దతోబాటు అసలు కాగితం కూడా ఊడి చేతిలోకి వచ్చేసింది. ఇప్పుడు అతకడానికి కూడా ఏమీ మిగల్లేదు, మొత్తం కొత్తగా చేయాల్సిందే. ఆ మధ్యాహ్నం తెర వెనకాల కూర్చొని ఏడ్చాను. ఏడ్చి లేచినాక, సావుకారు ముందర మాత్రం ఏడవకూడదని ఇంకా గట్టిగా అనుకున్నాను.

చింతామణిలో మా డేరా పక్కనే పట్టుగూళ్ళు ఉడికించి దారం తీసే కొట్టం ఒకటి ఉండేది. ఆ కంపుకు అందరూ ముక్కు మూసుకొని పోయేవాళ్ళు. నేను ఒకరోజు నిప్పు కోసం పోయి, గోడవైపు చూసి ఆగిపోయాను. దారం తీయగా మిగిలిన పట్టు పీచును అక్కడి ఆడవాళ్ళు తడిచేత్తో గోడకేసి విసిరేవాళ్ళు. అది గోడకు అంటుకొని ఎండిపోయి పొరలు పొరలుగా ఉంది. ఒక పొర పీకి చూశాను. కాగితంకన్నా తేలిక, చింపితే చిరగదు. వేలితో కొడితే గలగలమంది.

"అక్కా, ఇదెట్ల కాగితం మాదిరి అయింది?" అని దగ్గర్లో దారం తీస్తున్నావిడను అడిగాను.

"పట్టులో జిగురుండాది గదప్పా. వేన్నీళ్ళకు కరుగుతాది, ఆరితే పట్టుకుంటాది" అందామె, కుండలోంచి చెయ్యి తీయకుండానే. ఆ చేతులు ఉడికి ఉడికి తెల్లగా ఉన్నాయి. "ఏమిటికి అడుగుతాండావు? చొక్కా కుట్టించుకుంటావా?"

"స్పీకరుకు."

"ఆ బొమ్మలు మాట్లాడేదానికా?" ఆమెకు నవ్వాగలేదు. పక్కనున్న వాళ్ళందరికీ చెప్పి నవ్వింది. నవ్వుతూనే, మిగిలిన పీచును రోజూ ఒక గుప్పెడు నాకోసం దాచి పెట్టింది. చివర్లో ఒక మాట కూడా చెప్పింది. "నీళ్ళు మాత్రం తగలనీయొద్దప్పా. తడిస్తే మళ్ళా మెత్తబడుతాది."

ఇది పోయేది బాగేపల్లికి గదా, అక్కడ వానెక్కడిది అనుకున్నాను.

బంకమట్టితో గరాటు ఆకారం అచ్చు చేసి, తడి పట్టు పీచును దాని మీద పలచగా పరిచి ఎండబెట్టాను. మొదటిది ముడతలు పడింది, పారేశాను. ఇంకోటి ఒక పక్క మందం అయింది. ఎన్నిటిని పారేశానో గుర్తులేదు. ఆ గుప్పెళ్ళు దాచిన అక్కే విసుక్కొని, "వేళ్ళకు బలం తగ్గించప్పా, పసిబిడ్డకు నూనె రాసినట్ల రాయి" అంది. ఆ తర్వాత ఒకటి కుదిరింది. దీపానికి అడ్డం పెడితే వెలుగు అంతటా ఒకే తీరుగా కనిపించింది. ఆమెకు చూపిస్తే చేతులు తుడుచుకొని అటూ ఇటూ తిప్పి చూసింది. ఈసారి నవ్వలేదు.

ఇక దాన్ని స్పీకరు లోపల ఊగే చిన్న తీగచుట్టకు అతికించాలి. ఆ చుట్ట ఒక సన్నటి సందులో దేనికీ తగలకుండా ఊగాలి. తగిలిందా, గరగర తప్ప పాట రాదు. సందులో చుట్టూ ఫిల్ము ముక్కలు దోపి చుట్టను నడిమధ్యకు తెచ్చి, ఫిల్ము అతికించే జిగురుతో అంటించి, ఆరినాక ముక్కలు లాగేయాలి. ఆ జిగురు ఆపరేటరు దగ్గర ఒక్క సీసానే ఉంది. యుద్ధంలో అది దొరకడం గగనమైంది. ఫిల్ము తెగితే అతకడానికి ఆయన దాన్ని తాళం వేసి దాచేవాడు.

"జిగురు రొంత పొయ్యన్నా."

"నీ చాటకు నా సీసానా?"

అడిగీ అడిగీ ఆయన్ను విసిగించాను. చివరికి చుట్ట అంటించడానికి సరిపోయేంత, చుక్కలు లెక్కబెట్టినట్టు పోశాడు. పైన ఒక పూత పూస్తే నీళ్ళు తగిలినా పట్టు మెత్తబడదని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. ఆ పూతకు మాత్రం చస్తే ఒప్పుకోలేదు.

బాగేపల్లి సంతరోజు పొద్దున్నే స్పీకరును చెక్కపెట్టెలో బిగించి, టెంటు ముందర ఎద్దులబండి మీద గ్రామఫోను పక్కన పెట్టాను. ఆ ఏడు అక్కడ వాన ముఖం చూడలేదు. వేరుశనగ మొలకలు వాడిపోతున్నాయని సంతకొచ్చిన రైతులు మాట్లాడుకుంటున్నారు. మధ్యాహ్నం మొదటి రికార్డు వేశాను. వేసి కళ్ళు మూసుకున్నాను.

పలికింది నాయనా! పాత కాగితం దగ్గర ఎన్నడూ వినని తీరులో పలికింది. తాళాలు విడివిడిగా, వీణ మీద గోరు తగిలే చోటు తెలిసేట్టు పలికింది. సంతలో బేరాలు ఆపి జనం తిరిగి చూశారు. ఆపరేటరు ఇంజను షెడ్డులోంచి బయటికొచ్చి, కాసేపు విని మళ్ళీ లోపలికి పోయాడు. ఆయన ఎగతాళి చేయకపోవడం అదే మొదలు.

పాట తర్వాత పాట వేస్తూ పోయాను. పొద్దు వాలుతుండగా మట్టి వాసన కొట్టింది. తలెత్తి చూస్తే తూర్పున ఆకాశం నల్లగా ఉంది. చినుకు పడగానే సంతంతా కేకలు, ఈలలు. పంచెలు ఎగగట్టుకొని మగవాళ్ళు గంతులేస్తున్నారు. ఊరంతటికీ పండగ, నాకొక్కడికే చావు. ఆకాశాన్ని పట్టుకొని నోటికొచ్చినట్టు తిట్టడం మొదలుపెట్టాను.

బండి పక్కన కంబళి కప్పుకున్న ఒక రైతు నిలబడి ఉన్నాడు. దగ్గర్లోని పాతపాళ్య పల్లె మనిషి, ఆట చూసి పోదామని ఆగినవాడు. "వానొస్తాంటే తిట్టే మనిషిని నిన్నొక్కణ్ణే చూస్తినప్పా!" అన్నాడు.

"ఇది తడిస్తే నాకు దక్కదయ్యా! దేవుని పాట దాకా పలకల్ల. ఆగితే అమ్మేస్తారు!"

ఆయనకు ఎంత అర్థమైందో గానీ, నా ముఖం చూసి తన కంబళి తీశాడు. ఒక కొస ఆయన, ఒక కొస నేను పట్టుకొని పెట్టె మీద పందిరిలా ఎత్తాం. అంతలో సావుకారు తల మీద గోనెసంచి వేసుకొని పరుగెత్తుకొచ్చాడు.

"పాట చాలించు! ఈ వానకు ఎవరొస్తారు? ఆట లేదీపొద్దు. ఇంజను ఆపించు."

"దేవుని పాట ఇంకా వేయలేదు సావుకార్."

"ఆటే లేకుంటే దేవుని పాట ఏమిటికి?"

"దేవుని పాట దాకా అని మీరే అంటిరి. ఆపను."

యజమానితో నేను ఆ మాట అన్నది జీవితంలో అదొక్కసారే. సావుకారు నన్ను వదిలి షెడ్డువైపు తిరిగి, "ఇంజను ఆపప్పా!" అని అరిచాడు. ఇంజను ఆగితే అంతా ముగిసినట్టే. షెడ్డులోంచి ఆపరేటరు గొంతు తాపీగా వినిపించింది.

"ఆపితే ఈ తడికి మళ్ళా లేవదు సావుకార్. ఇంగ మూడు దినాలు ఆట ఉండదు. మీ ఇష్టం."

అది నిజమో అబద్ధమో నేను ఆయన్ను ఎన్నడూ అడగలేదు. సావుకారు అక్కడే తడుస్తూ నిలబడిపోయాడు. నేను కంబళి కొసను పళ్ళతో పట్టుకొని దేవుని పాట రికార్డు వేశాను.

సగం పాట బాగానే వచ్చింది. తర్వాత గొంతు బొంగురుపోయింది, గర్రుమంటూ ఒరిపిడి మొదలైంది. గాలికి జల్లు పక్కనుంచి కొట్టి పట్టు మెత్తబడింది. మెత్తబడి బరువుకు కిందికి జారుతోంది, జారిన చుట్ట లోపల ఒరుసుకుంటోంది. ఇంకాసేపు ఆగితే నోరు మూతబడుతుంది. అప్పుడు నాకు ఒకటి తోచింది. అది కిందికి జారుతుంటే, కిందిదాన్ని పైకి చేస్తే?

"అయ్యా, పట్టు! పెట్టెను తలకిందులు చేద్దాం!"

కంబళి జారిపోకుండా ఇద్దరం పెట్టెను ఎత్తి, పాట నడుస్తుండగానే తలకిందులు చేశాం. గరగర తగ్గింది. తగ్గి, సన్నబడి, లేకుండా పోయింది. చివరి చరణం వర్షంలో తేటగా వినిపించింది. రికార్డు అయిపోయి ముల్లు ఊరికే తిరుగుతున్నా నేను తీయలేదు.

వాన కాస్త తగ్గుముఖం పట్టింది. అప్పుడు చూశాం, పాతపాళ్య దారిలో జనం. గోనెసంచులు కప్పుకొని, బిడ్డల్ని చంకనేసుకొని, కాళ్ళకు మోకాళ్ళదాకా బురదతో, నవ్వుకుంటూ వస్తున్నారు. దేవుని పాట విన్నాం, ఆట మొదలుపెడతాండారని వచ్చినాం అన్నారు. వానొచ్చిన సంతోషంలో ఉన్న మనుషులు, ఇంటికి పొమ్మంటే పోతారా? ఆ పొద్దు టెంటు నిండింది.

అయినా సావుకారు సావుకారే. "తలకిందులు పెట్టి పలికిస్తే అది లెక్కలోకి ఎట్ల వస్తాది?" అన్నాడు.

కంబళి పిండుకుంటున్న రైతుకు కోపమొచ్చింది. "నెత్తి యాడుంటే ఏమి సామీ? పలికిందా లేదా? మా ఊరోళ్ళు వచ్చిరా లేదా?"

సావుకారు నిండిన టెంటు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు. "తీసుకో పోప్పా. రాగి పోతే పోయె, నీ పీడ వదిలితే చాలు" అన్నాడు.

మరునాడు ఎండకు స్పీకరు ఆరబెట్టుకుంటుంటే ఆపరేటరు వచ్చి పక్కన కూర్చున్నాడు. తాళం వేసి దాచే సీసా తెచ్చి, నేను అడక్కుండానే మూతలోకి ఒంపి, కోడి ఈకతో పట్టు మీదంతా తానే పూత పూశాడు. సీసా అడుగుకు వచ్చేసింది. "నాకేమి, ఫిల్ము తెగితే జనం నిన్నే తిట్టుకుంటారు" అన్నాడు. చాట అని మాత్రం మళ్ళీ పిలవలేదు.

సెలవు పెట్టి, స్పీకరును దుప్పట్లో చుట్టి, పెట్రోలు కరువుతో బొగ్గు మీద నడిచే బస్సులో ఒళ్ళో పెట్టుకొని చిక్కబళ్ళాపురం తీసుకుపోయాను. ఇంట్లోకి పోయి నడవలో దింపాను. అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఇదేనా నీ చాట? ఏదీ, పలికించు నాయనా."

పలికించేది ఎట్లా? మా ఇంటికి కరెంటు లేదు. ఉన్నా నా దగ్గర ఆంప్లిఫయరు లేదు. మీ స్పీకర్ల మాదిరి దాని లోపల అయస్కాంతం కూడా ఉండేది కాదు, కరెంటు పారితేనే సావుకారు అమ్ముతానన్న ఆ రాగి తీగ అయస్కాంతమయ్యేది. అన్ని నెలలు దానికోసం కొట్లాడానే గానీ ఈ సంగతి ఆలోచించనే లేదు, తెలియక కాదు. ఇంట్లో దించినాకనే నాకు పూర్తిగా అర్థమైంది. ఎప్పటికి పలుకుతుందో తెలియని స్పీకరు ఒకటి నాకు దక్కింది. అయినా అంత సంతోషం మళ్ళీ ఏ స్పీకరు కొన్నప్పుడూ నాకు కలగలేదు.

"ఇప్పుడు పలకదమ్మా. ఇంటికి కరెంటు రావల్ల."

అమ్మ నా ముఖం చూసింది, తీగ ఒక్కటి కూడా లేని ఇంటి కప్పు వైపు చూసింది. ఏమి అంటుందోనని కాచుకొని నిలబడ్డాను. ఆమె రాగుల కుండల దగ్గరికి పోయి, వాటిని ఒక్కొక్కటిగా పక్కకు జరిపి, చెంగుతో గోడ వార తుడిచింది.

"అంతవరకూ ఈడ పెట్టు నాయనా. ఈడ ఇల్లు కారదు" అంది.